బొంబాయి గుడిసెలవాడల చరిత్ర

కోటకు చరిత్ర కలదు, దేవాలయమునకు చరిత్ర కలదు, రాజవీథికి చరిత్ర కలదు. గుడిసెకు చరిత్ర యేమి యని అడుగువారు కలరు. నిజమే, గుడిసెకు శాసనముండదు, శంకుస్థాపన ఫలకముండదు. వానకు చివికిన గోనెపట్టా మరునాటికి మారిపోవును. గాలికి లేచిన రేకు వేఱొకచోట గోడయగును. రైలుపెట్టె కిటికీలోనుండి గుడిసెలవాడను చూచినవారు అది నిన్న మొన్న వెలసినదనియు, రేపో మాపో పోవుననియు తలతురు. ఈ తలపు ఎంతవరకు నిలుచునో పరిశీలించుటకు బొంబాయి కన్న తగిన నగరము లేదు. అచ్చటి గుడిసెల చరిత్ర నూరేండ్లకు మించినది. అది చట్టములలో, న్యాయస్థానముల తీర్పులలో, జనాభా లెక్కలలో పదిలముగా నున్నది. 1995లో ఆ నగరమునకు ముంబయి యను పేరు అధికారికమైనది. అంతకు ముందటి సంగతులకు మనవారు వాడిన బొంబాయి యను పేరునే ఈ ప్రసంగములో వాడెదము.

ముందుగా రెండు మాటలకు అర్థము చెప్పుకొనవలెను. బొంబాయిలో కూలివారి నివాసములు రెండు విధములు. ఒకటి చాళ. అనగా ఒకే వసారాలోనికి తెరచుకొను ఒంటిగదుల వరుస. అట్టి వరుసలు రెండు మూడు అంతస్తులు. చివర అందరకును కలిపి కుళాయి, మరుగుదొడ్లు. దానికి యజమాని కలడు, అద్దె కలదు, అద్దెకు రశీదు కలదు. రెండవది ఝోపడి, అనగా మన గుడిసె. పైకప్పు కాపురమున్నవానిది, క్రింది నేల పరులది. ఆ నేల ప్రభుత్వమునదో, మునిసిపాలిటీదో, రైల్వేవారిదో, ఎవరో భూస్వామిదో అయియుండును. అట్టి గుడిసెలు గుంపుగా నున్నచోటు ఝోపడపట్టీ. రశీదు గల కూలివాడు చాళలోను, రశీదు లేని కూలివాడు ఝోపడిలోను ఉండెనని స్థూలముగా చెప్పవచ్చును. వారు చేయు పనిలో మాత్రము భేదము లేదు.

1853 ఏప్రిల్ 16వ తేదీన బోరీబందరు నుండి ఠాణాకు తొలి రైలు నడచెను. మరుసటి యేడు కావస్జీ దావర్ తొలి నూలుమిల్లును స్థాపించెను. 1861 మొదలు 1865 వరకు అమెరికాలో అంతర్యుద్ధము సాగినపుడు అక్కడి ప్రత్తి లాంకషైరు మిల్లులకు అందలేదు; బొంబాయి ప్రత్తి బంగారపు ధర పలికెను. ఆ డబ్బుతో రేవులు, మిల్లులు, సౌధములు లేచినవి. కొంకణమునుండి, సతారానుండి, గుజరాతునుండి పనివారు వచ్చిరి. మిల్లు యజమానులు యంత్రములకు కప్పులు వేసిరి గాని, యంత్రములను నడుపువారికి కప్పు వేయవలెనన్న ఆలోచన వారిలో చాలమందికి కలుగలేదు. స్థలముగల వర్తకులు చాళలు కట్టి గదులు అద్దెకిచ్చిరి.

ఇచ్చట మనవారి ప్రసక్తి వచ్చును. బొంబాయి మొదట ఏడు దీవులు. దీవులనడుమ పోటువేళ సముద్రము నిండెడి పల్లములను కట్టలు వేసి, మట్టి నింపి ఒకటిగా చేసిరి. అట్లు తేలిన నేలపై ఇండ్లు, బాటలు కట్టిన పనివారిలో నైజాము రాజ్యమునుండి పోయిన తెలుగు కూలీలు ముఖ్యులు. వారిని అక్కడివారు కామాఠీలనిరి. వారు కాపురముండిన పేటయే కామాఠిపుర. తరువాతి కాలమున ఆ పేటకు వేఱు విధమైన అపకీర్తి వచ్చెను. అది పెద్దదై, పేట పేరునే మ్రింగివేసెను. ఆ పేరు మట్టిమోసి నగరమును నిలబెట్టిన తెలుగువారి పేరని మనలో నెందరికి తెలియునో చెప్పలేము.

ఇక 1896వ సంవత్సరమునకు వత్తము. ఆ సెప్టెంబరులో, రేవునకు చేరువనున్న మాండ్వీ పేటలో, గజ్జలలోను చంకలలోను గడ్డలు లేచి జనులు మరణింపసాగిరి. అది ప్లేగు అని డాక్టరు అకాషియో గాబ్రియేల్ వియేగస్ గుర్తించెను. కొలది నెలలలో నగరమున సగము జనము పారిపోయెను. 1891 లెక్కలలో 8,21,764 మంది యున్న నగరములో 1901 నాటికి 7,76,006 మంది మాత్రమే మిగిలిరి. నానాట పెరుగుచున్న నగరము పదియేండ్ల తరువాత చిన్నదగుట వింతయే.

ప్లేగు ఎలుకల ఒంటిమీది గోమార్లవలన వ్యాపించునని ఆనాటికి నిర్ధారణ కాలేదు. గాలి చొరని ఇరుకుగదులు, నిలువనీరు, చెత్త – ఇవియే రోగకారణములని అధికారులు నమ్మిరి. 1897లో అంటురోగముల చట్టము వచ్చెను. దాని బలముతో వారు ఇండ్లలో చొరబడి రోగులను ఆసుపత్రికిని, ఇంటివారిని వేర్పాటు శిబిరములకును తరలించిరి. వెలుతురు సోకుటకై పైకప్పుల పెంకులు ఊడదీయించిరి. సామాను తగులబెట్టిరి. బాగుచేయ వీలులేదని తోచిన ఇంటి గోడమీద మూడు ఇంగ్లీషు పొడియక్షరములు వ్రాయించిరి. వానికి 'మనుష్యనివాసమునకు తగదు' అని అర్థము. బొంబాయిలో కూలివాని ఇంటిమీద ప్రభుత్వము వ్రాసిన వ్రాతలకు ఇది నాంది. ఆ వ్రాతలు తరువాత రూపము మార్చుకొన్నవేగాని మానలేదు.

ఆ సమయమున జరిగిన ఒక సంగతిని చరిత్రకారులు అంతగా పట్టించుకొనరుగాని మాకది చాల ముఖ్యముగా తోచును. ప్లేగునకు వెరచి, కలిగినవారు సైతము మేడలు విడిచి బయలుప్రదేశములలో తడికెల పాకలు వేసికొని కాపురముండిరి. ఆయా కులములవారు, మతములవారు తమ తమ జనమునకై అట్టి పాకలతో ఆరోగ్య శిబిరములు నెలకొల్పిరి. రాతిగోడకన్న వెదురుతడిక ఆరోగ్యకరమని అప్పుడు వైద్యులును ఒప్పుకొనిరి. తడికెపాక స్వతహాగా రోగమునకు నిలయమను మాట తరువాత పుట్టినదే. పాకచుట్టును చోటుండెనా, నీరుండెనా, మురుగు పోవుటకు దారి యుండెనా యనునదే అసలు ప్రశ్న.

1898 నవంబరులో బొంబాయి నగరాభివృద్ధి ట్రస్టు ఏర్పడెను. అందరు ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు అనెడివారు. కిక్కిరిసిన పేటలను పడగొట్టి వెడల్పాటి వీథులు తెరచుట దాని పని. పడమటి సముద్రపు గాలి ఊరినడుమకు వీచుటకై ప్రిన్సెస్ వీథిని, తూర్పుపడమరలుగా శాండ్‌హర్స్ట్ రోడ్డును వేసిరి. ఉత్తరమున దాదరు, మాటుంగా ప్రాంతములలో చక్కని స్థలములు తీర్చిరి. ఇవి మంచి పనులు కావనలేము; నేటికిని ఆ వీథులే నగరమునకు ఊపిరితిత్తులు. కాని ట్రస్టువారు మొదటి సంవత్సరములలో కూల్చిన గదులెన్నియో అన్ని కట్టలేదు. దాదరు, మాటుంగా స్థలములు గుమాస్తాలకు, వకీళ్లకు అందినవి. రేవులో బస్తాలు మోయువానికి అందలేదు. పని రేవులోనే యుండెను గనుక వాడు దూరము పోలేడు. పడగొట్టిన చాళనుండి పడగొట్టని చాళలోనికి మారెను. అక్కడ గదికి నలుగురున్నచోట ఎనమండుగురైరి. 1911 జనాభా లెక్కల ప్రకారము బొంబాయి జనులలో నూటికి 69 మంది ఒంటిగది కాపురములవారు.

హైదరాబాదులో ప్లేగు చేసిన పనిని వరద చేసినది. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి నగరమును ముంచినది. తరువాత 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడెను. ఉపద్రవము వచ్చినపుడే పాలకులకు పేదల ఇండ్లు కనబడుట రెండుచోట్లను ఒక్కటే.

మొదటి ప్రపంచ యుద్ధము ముగిసిన పిమ్మట గవర్నరు జార్జి లాయిడ్ 1920లో అభివృద్ధి శాఖ యను క్రొత్త శాఖను పుట్టించెను. కూలివారికై ఏబది వేల గదులు కట్టెదమని ప్రకటించిరి. వర్లీలో 121, నాయగామ్‌లో 42, డెలైల్ రోడ్డున 32, శివడీలో 12 – వెరసి 207 చాళలు లేచినవి. చాళకు ఎనుబది గదుల వంతున పదునారు వేలకు మించిన గదులు. ఏబది వేలు ఎన్నడును కాలేదు. ఉన్న గదులైనను తొలుత నిండలేదు. కాంక్రీటు గోడలు, అగ్గిపెట్టెవంటి గదులు, అద్దె ఎక్కువ. ఒకవైపు చాళలో గదులు ఖాళీగా నుండుట, మఱొకవైపు బురదనేలలో గుడిసెలు లేచుట ఒకే కాలమున జరిగినది. ఇది తెలివితక్కువవలన జరుగలేదు. కూలివాడు లెక్క తెలిసినవాడు. మిల్లుకు నడచిపోగల దూరమును, అద్దెను, అప్పిచ్చు దుకాణమును, తన ఊరివారి పొరుగును కలిపి తూచుకొని యెచ్చట నుండవలెనో నిర్ణయించుకొనును. తరువాతి పథకములన్నిటను ప్రభుత్వములు తప్పిన లెక్క ఇదియే.

బురదనేల యంటిమి. ధారావి పేరు విననివారుండరు. అది మొదట మాహిమ్ కయ్య ఒడ్డున కోళీలను బెస్తవారి గ్రామము. పందొమ్మిదవ శతాబ్దము చివర, దుర్వాసన నగరమునకు తగులకుండుటకై తోళ్లు పదునుచేయు పనివారిని ఊరి కొసకు నెట్టిరి. తమిళదేశమునుండి తోళ్ల పనివారైన ముస్లిములు వచ్చి అచ్చట స్థిరపడిరి. సౌరాష్ట్రమునుండి వచ్చిన కుమ్మరులు తమ ఆవములతో కుంభార్‌వాడను ఏర్పరచుకొనిరి. ఆనాడది ఊరిచివర. నగరము ఉత్తరమునకు ప్రాకి, ప్రాకి, ధారావిని చుట్టుముట్టెను. నేడది రెండు రైలుమార్గముల నడుమ, నగరగర్భమున నున్నది. నగరము వెలివేసిన పనులు నగరము నడిబొడ్డునకు వచ్చి చేరినవని కొందరందురు. ధారావి తన చోటునుండి కదలలేదు. నగరమే దానియొద్దకు నడచి వచ్చినది.

అక్కడి నేల ఎట్లు నేలయైనదో చెప్పుట అవసరము. కయ్య ఒడ్డున మడచెట్లు, పోటునీరు, ఒండుమట్టి. మొదట వచ్చిన కుటుంబము రాళ్లు, చెత్త, ఇటుకముక్కలు, రంపపుపొట్టు తెచ్చి పోసి గట్టు చేయును. గట్టుపై నాలుగు వెదుళ్లు, పైన గోనెపట్టా. ఒక వానకాలము గడచిన తరువాత గోనెపట్టాకు బదులు రేకు. గొడవలేకుండ మఱి రెండేండ్లు గడచినచో తడికెకు బదులు ఇటుక. ఈ మార్పులన్నిటికిని కానిస్టేబుకు, మునిసిపాలిటీ బంట్రోతుకు, ఆ వాడకు పెద్దయై కూర్చున్న దాదాకు ముడుపులు. ప్రభుత్వము వారిది ఉచిత నివాసమనును. ఉచితముగా దొరికినది గాలి యొక్కటియే. పదియేండ్లలో చిత్తడి గట్టినేలయగును. అప్పుడు ఆ నేల చూడముచ్చటయై, దాని యజమాని యెవరో హఠాత్తుగా జ్ఞాపకమునకు వచ్చును.

స్వాతంత్ర్యము నాటికి పరిస్థితి మఱింత బిగిసెను. 1947లో వచ్చిన అద్దెల చట్టము అద్దెలను 1940 నాటి స్థాయిలో నిలిపివేసెను. గదిలో నున్నవారికది వరము. లేనివారికి తలుపు మూసినట్లయ్యెను. అద్దెకు ఇండ్లు కట్టువారు తగ్గిరి. పాతగది చేతులు మారవలెనన్నచో పగిడీ యను పేర పెద్దమొత్తము చేతిలో పడవలసివచ్చెను. దేశవిభజనతో సింధు శరణార్థులు లక్షలుగా వచ్చిరి. మిల్లులు, ఔషధ కర్మాగారములు, నూనెశుద్ధి కర్మాగారములు పనివారిని పిలుచుచునే యున్నవి. ఆ పిలుపునందుకొని వచ్చినవానికి రాత్రి ఎక్కడ పండుకొనవలెనో ఎవరును చెప్పలేదు.

తొలుత అధికారులకు తోచిన ఉపాయము కూల్చుటయే. 1956లో పార్లమెంటు మురికివాడల చట్టము చేసెను; అది కేంద్రపాలిత ప్రాంతములకు వర్తించునది. బొంబాయిలో పగలు కూల్చిన గుడిసె రాత్రికి లేచుచుండెను. ఈ ఆట పదునైదేండ్లు సాగిన పిమ్మట 1971లో మహారాష్ట్ర ప్రభుత్వము తన చట్టము తాను చేసెను. కూల్పు అధికారమును ఉంచుకొని, దానితోబాటు కుళాయి, మరుగుదొడ్డి, కాలువ, దీపము ఇచ్చుటకును పూనుకొనెను. మా అభిప్రాయమున గుడిసెల చరిత్రలో ఇది మేలిమలుపు. ఒక కుళాయి పెట్టుటవలన ప్రభుత్వము ఒక సంగతిని ఒప్పుకొన్నట్లే: ఈ జనము ఇచ్చటనే యుండును.

ఒప్పుకొన్న వెంటనే ఎంతమందిని అను ప్రశ్న పుట్టెను. 1976 జనవరి 4వ తేదీ ఆదివారము. ఆ ఒక్క దినమున బొంబాయిలోని గుడిసెలన్నిటిని లెక్కింపించిరి. దాదాపు 28 లక్షల జనము లెక్కకు వచ్చెను. లెక్కలోనికి వచ్చిన కుటుంబమునకు ఒక సంఖ్యయు, కుటుంబపు పెద్ద ఫోటో అంటించిన ఒక కార్డును ఇచ్చిరి. జనులు దానిని ఫోటోపాసు అనిరి. ప్లేగునాడు ఇంటిగోడపై వ్రాసిన మూడక్షరములు పొమ్మనెను. ఈ కార్డు ప్రస్తుతమునకు ఉండుమనెను. కాని ఉండుమన్నది ఎవరిని? ఆ ఆదివారము నాటికి అక్కడ నుండి, లెక్కించువానికి కనబడినవారిని. పురిటికి పుట్టింటికి పోయిన ఇల్లాలి తలుపు మూసియున్నచో? అద్దెకు గుడిసెలో నున్నవాని బదులు గుడిసె తనదని చెప్పుకొనువాడు ముందుకు వచ్చినచో? కాలిబాటలపై నున్నవారిలో అనేకులు ఆ లెక్కలోనికి రానేలేదు. ఆనాటినుండి గుడిసెకు గోడలకన్న తేదీ ముఖ్యమైనది.

తేదీ, కార్డు ఉన్నంతమాత్రాన నిలువగలరని కాదు. అదే యేట మే నెలలో, దేశములో అత్యవసర పరిస్థితి అమలునందుండగా, ట్రాంబే సమీపమున నున్న జనతా కాలనీని నేలమట్టము చేసిరి. అందు సుమారు 70 వేల జనము. దుఃఖమును మించిన విశేషమిందు ఒకటి కలదు. వారు తమంత తామై అక్కడ చేరినవారు కారు. నగరమధ్యమున గుడిసెలు పీకివేసి, ఇక్కడ ఉండుడని మునిసిపాలిటీయే వెనుక చూపిన చోటది. పిదప ప్రక్కనే అణుపరిశోధన కేంద్రము వెలసెను. ఆ నేల దానికి కావలసివచ్చెను. కాలనీ పక్షమున ఏండ్లతరబడి పోరాడినవాడు జాకిన్ అర్పుతం. కోలారు బంగారు గనుల ప్రాంతమునుండి వచ్చిన యువకుడు. మునిసిపాలిటీ వారు చెత్త తీయుటలేదని పిల్లలందరి చేత తలకొక చెత్తమూట మోయించి వారి కార్యాలయము ముందు పోయించినవాడు. న్యాయస్థానములకు పోయెను, ఢిల్లీకి పోయెను. కాలనీ నిలువలేదు. జనమును కొంత దూరమున చీతా క్యాంపు అను చిత్తడినేలకు తరలించిరి. వారు మఱల రాళ్లు, ఇటుకముక్కలు పోసి గట్టు చేసిరి. జాకిన్‌కు 2000లో మెగసెసే బహుమానము లభించెను. ఆయన 2018లో మరణించెను.

1981 జూలై 13వ తేదీన ముఖ్యమంత్రి అంతులే కాలిబాటలపై నున్నవారిని తొలగించి వారి వారి స్వస్థలములకు పంపివేయుదుమని ప్రకటించెను. అది నడివానకాలము. ఆ నెల 23వ తేదీన జరిగిన ఒక్క సంగతి చెప్పెదము. ఇది సుప్రీంకోర్టు తీర్పులో ఉన్నది. సేలము జిల్లానుండి 1961లో కరవునకు తాళలేక వచ్చిన నిరుపేద కూలి ఒకడు. దినమునకు 23 రూపాయల కూలికి కర్మాగారములో పనిచేయువాడు. రహదారి ప్రక్కన ప్లాస్టికు పట్టాల గుడిసెకై ఒక దళారికి 2,500 రూపాయలు ఇచ్చియుండెను. లెక్కించినచో అది నూరు దినముల కూలికి మించిన సొమ్ము. ఆ దినమున గుడిసెను కూల్చి, భార్యాబిడ్డలతో అతనిని బస్సెక్కించి సేలమునకు పంపిరి. భార్యాబిడ్డలు అక్కడ నిలిచిరి. అతడు పనికై మఱల బొంబాయికి వచ్చి మఱల కాలిబాట చేరెను.

ఇట్టివారి పక్షమునను, కామరాజ్ నగర్ అను వాడ పక్షమునను దావాలు నడచినవి. కామరాజ్ నగర్‌ను 1960–61 ప్రాంతమున కట్టుకొన్నవారు పడమటి రహదారి వెంట నీటిగొట్టములు పరచిన కంపెనీవారి కూలీలు. పత్రికా రచయిత్రి ఓల్గా టెల్లిస్ వేసిన దావా పేరుమీదుగా ఆ తీర్పు ప్రసిద్ధి కెక్కెను. 1985 జూలై 10వ తేదీన ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ అధ్యక్షతన ఐదుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పిరి. రాజ్యాంగము 21వ అధికరణము కాపాడు ప్రాణహక్కులో జీవనోపాధి హక్కు చేరియున్నదని వారు నిర్ణయించిరి. మనుష్యుడు కాలిబాటపై నుండుట పనికి చేరువగా నుండుటకే గనుక, అక్కడినుండి తొలగించుట వాని జీవనమును తొలగించుటయేయని వారి తర్కము. ఆ వాక్యములను దేశమందలి న్యాయశాస్త్ర విద్యార్థులందరు చదివెదరు. తీర్పు చివరి భాగమును అంతగా చదువరు. కాలిబాట నడచువారిదే, తొలగించు అధికారము చెల్లును, అయితే వానలు వెలిసి అక్టోబరు 31 గడచువరకు తొలగింపరాదు, 1976 లెక్కలలో చేరి కార్డు గలవారికి మాత్రము వేఱుచోటు చూపవలెను – ఇదియు ఆ తీర్పులోనిదే. హక్కు అందరిది, చోటు కార్డు గలవానిది. అదే యేట స్పార్క్ అను సంస్థవారు కాలిబాటవాసులను తామే ఇంటింటికి పోయి లెక్కించిరి. లెక్కలోనికి రానివారు ముందు లెక్కకెక్కవలెనన్న సూక్ష్మమును వారు గ్రహించిరి.

కార్డు విలువ తెలిసిన తరువాత తేదీ జరుగసాగెను. 1976 కాస్త 1980 అయ్యెను, తరువాత 1985, 1990, 1995. ఎన్నికలు సమీపించినపుడు తేదీ ముందుకు జరుగుట అక్కడివారికి పంచాంగమువలె పరిచితము. నాయకులను మేము పూర్తిగా తప్పుపట్టలేము. తేదీ జరుపకున్న లక్షల జనము వీథిన పడుదురు. జరిపిన, చట్టమును నమ్మి బయట వేచియున్నవాడు వెఱ్ఱివాడగును. ఇట్టి చిక్కునకు కారణము తొలినాడే కూలివానికి అందుబాటులో ఇల్లు లేకపోవుట. తేదీలు ఆ లోటునకు మాసికలు.

1995లో మఱొక పెద్ద పథకము వచ్చెను. గుడిసెలున్న నేలలో కొంతభాగమున మేడలు కట్టి గుడిసెవారికి ఉచితముగా ఇండ్లీయవలెను; మిగిలిన భాగమున కట్టిన ఇండ్లను కట్టడపు వ్యాపారి బజారు ధరకు అమ్ముకొనవలెను. ఇల్లు 225 చదరపు అడుగులు. ఆ వైశాల్యము తరువాత పెరిగెను. అయిదేండ్లలో ఎనిమిది లక్షల ఇండ్లనిరి. పాతికేండ్లు గడచిన పిమ్మటను అందులో మూడవ వంతునకు మించి కాలేదు. ధర గల నేలలో వ్యాపారులు త్వరపడిరి. ధర లేని నేలవైపు వారు చూడలేదు. ఇల్లు దొరికినవారిలో కొందరు సుఖపడిరి, అది కాదనరాదు. తలుపు గడియవేసికొన గల స్నానపుగది ఆడువారికి ఎంతటి భాగ్యమో గుడిసెలో నుండనివారికి తెలియదు. కాని వీథి అరుగుపై అప్పడములు ఒత్తి అమ్ముకొనెడి ఇల్లాలికి ఏడవ అంతస్తులో అరుగు లేదు.

అర్హతకు కావలసినది కాగితము. పాత ఓటర్ల జాబితాలో పేరు, రేషను కార్డు, కరెంటు బిల్లు. కాగితము తడిసిన పోవును. 2005 జూలై 26వ తేదీన ముంబయిలో ఒక్కనాడు 944 మిల్లీమీటర్ల వాన కురిసి మీఠీనది పొంగినపుడు ఎందరి కాగితములు కొట్టుకొనిపోయినవో! దానికి ముందటి చలికాలముననే 80 వేలకు మించిన గుడిసెలను కూల్చియుండిరి. 2011 జనాభా లెక్కలలో ముంబయి జనులు ఒక కోటి 24 లక్షలు. అందు 52 లక్షలు, అనగా నూటికి 42 మంది, గుడిసెలవాడలలో నున్నవారే.

ధారావి వంతు ఎట్టకేలకు వచ్చెను. 2004లో తలపెట్టి పలుమార్లు ఆగిన పునర్నిర్మాణ పథకమును 2022 నవంబరులో అదానీ సంస్థ పోటీలో గెలుచుకొన్నది. 2024లో ఇంటింటి పరిశీలన మొదలుపెట్టి, ఒక్కొక్క గృహమునకు ఒక్కొక్క సంఖ్య కేటాయించిరి. షరతులు ఇవి. 2000 జనవరి 1వ తేదీకి ముందునుండి నేల అంతస్తులో నున్నవారికి ధారావిలోనే 350 చదరపు అడుగుల ఇల్లు ఉచితము. ఆ తేదీకిని 2011 జనవరి 1వ తేదీకిని నడుమ వచ్చినవారికి ధారావి వెలుపల, రెండున్నర లక్షల ధరకు 300 చదరపు అడుగుల ఇల్లు. అటు తరువాత వచ్చినవారికిని, ఎన్నడు వచ్చినను పై అంతస్తులో నున్నవారికిని వెలుపలనే అద్దెపద్ధతిమీద ఇండ్లు.

ధారావి ఇండ్లు చాలవఱకు ఒకదానిపై ఒకటి లేచిన రెండు గదులు. పైగదికి ఎక్కుటకు సందులోనుండి నిట్టనిలువుగా ఒక ఇనుపనిచ్చెన. క్రింద తల్లిదండ్రులు, పైన పెండ్లియై పిల్లలు గలిగిన కొడుకు ఉండుట అచ్చట సర్వసాధారణము. క్రొత్త లెక్క ప్రకారము ఆ నిచ్చెనకు దిగువనున్నవారు ధారావివారు, ఎగువనున్నవారు వెలుపలివారు.